ఎడమ వాల్వు

ఫిబ్రవరి 2

పని మొదలుపెట్టాం. పెట్టాం అంటే నేను పెట్టాను, బావ చూశాడు.

షెడ్డులో గుడ్డ కప్పి ఉన్న బండిని వెలుతురులోకి లాగేసరికి నా పని అయిపోయింది. టైర్లు రెండూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి. బావ గుమ్మంలో కుర్చీ వేయించుకుని, మెడ దాకా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని పెద్ద డాక్టరు చెప్పాక ఆయన మంచం దిగి ఇంత దూరం రావడం ఇదే మొదలు. ఇంత దూరం అంటే పెరటి వెడల్పు. ఒక రెక్క అక్క, ఒక రెక్క నేను పట్టుకున్నాం. పట్టుకోవడానికి రెక్కలో ఏమీ లేదు.

"ఏరా నట్టూ, అట్లా చూస్తావేం? దాన్నీ నన్నూ పక్కపక్కన నిలబెడితే అదే నయంగా ఉంది కదా" అన్నాడు.

"ఊరుకోండి" అంది అక్క.

"ఇక ఊరుకోవడమే కదా మిగిలిన పని." తర్వాత నా వైపు తిరిగి, టీ కావాలని అడిగినంత మామూలుగా చెప్పాడు. "దీని మోత విని పోతాను. వినకుండా మాత్రం పోను. ఎవడొచ్చి తీసుకెళ్తాడో నేనూ చూస్తా."

నేను నవ్వాను. అక్క దుప్పటి సర్ది లోపలికి వెళ్ళిపోయింది.

సైలెన్సర్లు విప్పి, ఇంజను దించాను. చెయ్యి ఇంకా మసి వాసన వేస్తోంది.

ఫిబ్రవరి 5

వాల్వులు ఊడిరాలేదు. మసి పట్టి రాయిలా బిగిసిపోయాయి. రోజంతా కిరోసిన్ పోసి, గట్టి నూనె పోసి, చెక్కముక్క పెట్టి తట్టి తట్టి సాయంత్రానికి ఒక్కటి కదిపాను.

చేతులు కడుక్కుంటుంటే మా ఆవిడ అడిగింది. "టూస్ట్రోక్ బండికి వాల్వులేంటండీ? స్పేర్ పార్టుల షాపాయన మీరు వెళ్ళాక నవ్వుకున్నాడట."

మామూలు టూస్ట్రోక్‌కి ఉండవు, దీనికి ఉంటాయి అని చెప్పాను. పొగ బయటికి పోయే దారికి పైఅంచున గుండ్రటి కడ్డీ లాంటిది ఒకటి, దాన్ని ఒక పక్క చెక్కేసి ఉంటారు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు కిందికి వాలి దారిని కురచ చేస్తుంది. వేగం అందుకోగానే తిరిగి దారి మొత్తం వదిలేస్తుంది. అప్పుడు బండి గొంతు మారిపోతుంది, మనిషిని వెనక్కి తోసినట్టు పరిగెత్తుతుంది.

"అన్నయ్య దాని మీద పందేలకి వెళ్ళేవారా?"

"రెండుసార్లు గెలిచాడు. ఒకసారి మోచెయ్యి విరిగింది. మూడూ ఒకే ముఖంతో చెప్పుకుంటాడు."

ఆమె నవ్వలేదు. "ఎంత కాలం అన్నారు డాక్టరు?"

"ఫిబ్రవరి దాటడం కష్టమన్నాడు."

ఫిబ్రవరి 6

రెండూ వచ్చాయి. శుభ్రం చేశాను.

ఫిబ్రవరి 11

వాల్వులు ఎక్కించాను. రెండు సిలిండర్లకి రెండు సగాలు. మధ్యలో చిన్న పిన్నుతో ఒకదానికొకటి కలుస్తాయి, పొడవాటి స్క్రూ రెండింటినీ పట్టి ఉంచుతుంది. ఎడమ చివర పుల్లీ, పుల్లీకి రెండు కేబుళ్ళు, కేబుళ్ళ రెండో చివర చిన్న మోటారు. పుల్లీ మీది గాటు కవరు మీది గీతకి ఎదురుగా వస్తే వాల్వు పూర్తిగా తెరుచుకున్నట్టు.

గాటుని నమ్మకు, వేలిని నమ్ము అనేవాడు బావ నేర్పేటప్పుడు. దారిలోకి వేలు పెట్టి పైకప్పు మీదుగా జరిపితే వాల్వు అంచు దగ్గర మెట్టు తగలకూడదు. ఎక్కడ గోడ అయిపోయిందో ఎక్కడ తలుపు మొదలైందో వేలికి తెలియకూడదు. రెండు వైపులా అంతే. ఒకటి ముందూ ఒకటి వెనకా తెరుచుకుంటే రెండు సిలిండర్లూ ఎడమొహం పెడమొహం అవుతాయి. మరీ కిందికి వాలిందా, పిస్టన్ వచ్చి గుద్దుతుంది. నాకు వాల్వులు నేర్పడానికి ఆయన ఒక ఎండాకాలమంతా పెట్టాడు. అమ్మానాన్నలు లేని నన్ను అక్కతో పాటు ఇంటికి తెచ్చుకున్న ఏడాది అది. ఆ ఏడే నేను బావ మెకానిక్ షాపులో పనిచేస్తూ, నోట్లో పెట్టుకున్న నట్టు మింగాను. అక్క ఏడుస్తూ పరిగెత్తుకొస్తే, "కంగారుపడకు, పన్నెండో నంబరుది, డబ్బాలో ఇంకోటుంది" అన్నాడట. అప్పటి నుంచీ నా పేరు నట్టు.

వేలు పెట్టి చూశాను. కుడివైపు మెట్టు లేదు. ఎడమవైపూ లేదు. మొదటిసారికే ఇంత సరిగ్గా కూర్చోవడం నాకెప్పుడూ జరగలేదు.

ఇక బిగించి, బండికి ఎక్కించి, పెట్రోలు పోయడమే.

మా ఆవిడ "అయిపోయిందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను.

ఫిబ్రవరి 12

మళ్ళీ విప్పాను. ఆయిల్ సీళ్ళు కాస్త గట్టిపడినట్టు అనిపించాయి. పాత రబ్బరు. తర్వాత కారితే మొత్తం మళ్ళీ విప్పాలి. మార్చేయడమే మంచిది.

ఫిబ్రవరి 15

షాపాయన దగ్గర సీళ్ళున్నాయి. కౌంటరు మీద పెట్టాడు. కంపెనీవి కావు. కంపెనీవే తెప్పించమన్నాను.

"చాలా రోజులు పడుతుంది. ఇవి కూడా బాగానే ఉంటాయి, నా పూచీ" అన్నాడు.

తొందరేం లేదన్నాను. నాణ్యం దగ్గర రాజీపడడం బావకి నచ్చదు.

ఫిబ్రవరి 20

మంచి రోజు. బావ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, కప్పుడు జావ తాగాడు. నేను గదిలోకి వెళ్ళేసరికి అక్కని ఆటపట్టిస్తున్నాడు. "మీ తమ్ముడు నా బండి విప్పి ఎన్నాళ్ళయిందే? పెళ్ళికూతుర్ని చూసొచ్చి జవాబు చెప్పని వాళ్ళలా ఉన్నాడు."

"సీళ్ళు రాలేదు బావా."

"పాతవే వెయ్యి."

"కారతాయి."

"ఎంత కాలం నడవాలనిరా అవి?"

నేను బల్ల మీది మందు సీసాలు సర్దాను. ఆయన నా చేతుల వంకే చూశాడు.

మార్చి 1

సీళ్ళు వచ్చాయి. డాక్టరు చెప్పిన ఫిబ్రవరి అయిపోయింది. నేను అలాంటివి నమ్మే మనిషిని కాను. ఊరికే రాసుకుంటున్నాను.

మార్చి 2

వీలు పడలేదు.

మార్చి 3

వీలు పడలేదు.

మార్చి 8

సీళ్ళు వేశాను. వాల్వులు కలిపాక కుడి సగం వెంట్రుకవాసి ఊగింది. పుల్లీ ఉన్నది ఎడమ సగానికి కాబట్టి అది ఎప్పుడూ సరిగ్గానే కదులుతుంది. కుడిది పిన్ను ద్వారా కదలాలి, పిన్ను అరిగితే వెనకబడుతుంది. పిన్ను నిజంగానే అరిగింది. మొన్న విప్పినప్పుడు నేను చూసుకోలేదంతే.

నేను పనిచేసే పంపుల వర్క్‌షాపులోనే లేత్ మీద తిప్పి కొత్తది చేసుకుంటాను.

మార్చి 12

పిన్ను తిప్పాను. కొంచెం లావైంది. రుద్దితే సన్నమైంది. ఇంకొకటి తిప్పాలి. నీళ్ళ పంపుల షాఫ్టులు తిప్పే చెయ్యి ఇంత చిన్న పని దగ్గర తడబడుతోంది. మా మేస్త్రీ వెనక నిలబడి చూసి, "నువ్వేనా ఇది చేసింది?" అన్నాడు.

మార్చి 14

నొప్పి వెన్నులోకి దిగింది. కొత్త మందు వేస్తే నిద్రపోతాడు, నిద్రలోనే మూలుగుతాడు. మూలుగు పెరట్లోకి వినబడుతుంది. షెడ్డులో గ్రైండరు వేసుకున్నాను. రుద్దడానికి ఏమీ లేదు.

అక్కతో అన్నాను, "బండి మీద ఆశతోనే నిలబడ్డాడు, చూశావా? మార్చి సగం వచ్చేసింది." అక్క బట్టలు ఆరేస్తోంది. వెనక్కి తిరగలేదు.

మార్చి 16

పిన్ను కుదిరింది. ఇంజను బండికి ఎక్కించాను. కేబుళ్ళు కూడా కొత్తవి వేసి, కాస్త వదులుగా ఉంచాను. కొత్త కేబుళ్ళని మొదట్లో బిగించకూడదు.

మార్చి 19

బావ షెడ్డుకి వస్తానని పట్టుబట్టాడు. ఈసారి నడవలేదు. నేనూ అక్కా కుర్చీతో సహా మోశాం. బరువు కుర్చీదే.

సైలెన్సర్లు ఇంకా తగిలించలేదు. బండి పక్కన కుర్చీ దించమన్నాడు. దుప్పటిలోంచి చెయ్యి తీసి, వంగి, ఎడమ దారిలోకి చూపుడువేలు పోనిచ్చాడు. ఆ వేలు చూసి నేను తల తిప్పుకున్నాను. వేలు లోపల మెల్లగా కదిలి ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది.

"మంచినీళ్ళు తెస్తావా?" అని అక్కని పంపించాడు.

"ఏరా, ఇది ఎవరు బిగించారు?"

"నేనే బావా."

"నీకు నేర్పిందెవరు?"

"నువ్వే."

"మెట్టు తగులుతోందిరా. గోరు మందాన. వాల్వు సగంలోనే ఆగిపోయింది. నేను ఇట్లాగే నేర్పానా?"

"కేబుళ్ళు కొత్తవని వదిలాను."

"కేబుళ్ళా" అన్నాడు. వేలికంటిన నల్లదనాన్ని దుప్పటికి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. అక్క గ్లాసుతో వచ్చింది.

"ఎలా ఉందండీ? అయిపోయినట్టేనా?"

బావ ఒక గుక్క తాగి, గ్లాసు తిరిగి ఇచ్చాడు.

"పెద్ద పనే ఇది. ఇంకా టైము పడుతుంది. వాణ్ణి తొందరపెట్టకు."

నన్ను క్షమించాడనుకున్నాను. ఆయన మనసు అంత పెద్దది.

మార్చి 23

అక్క నేను పనిచేసే చోటికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. చేతిలో మందుల సంచి. భోజనాల వేళ. మేస్త్రీ స్టూలు వేస్తే కూర్చోలేదు, "నీతో మాట్లాడాలి, బయటికి రా" అంది.

గోడవార, తుప్పు పట్టిన పంపుల మధ్య నిలబడ్డాం.

"ఆయన తువ్వాలు కొరుకుతున్నాడురా" అంది. "నేను వంటింట్లోకి వెళ్ళగానే నోట్లో కుక్కుకుంటాడు. గదిలోకి రాగానే తీసేసి నవ్వుతాడు. ఉతుకుతుంటే చిల్లులు కనబడుతున్నాయి."

నేను చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను.

"బండి స్టార్ట్ చెయ్యి."

"ఇంకా పని ఉందక్కా. పిన్ను కుదిరింది గానీ కేబుళ్ళు..."

"ఆ ఇంజను ఎన్ని రోజుల్లో బిగుస్తుందో నాకు తెలియదనుకుంటున్నావా? ఆయన పందానికి ముందు పొద్దున్న విప్పి సాయంత్రానికి బిగించేవాడు. నట్లు కడిగి ఇచ్చింది నేనే." ఆమె గొంతు పెంచలేదు. "ఆయన ఏమంటాడో తెలుసా? ఎప్పుడైపోతుందే అంటాడు. రోజూ అంటాడు. బండి గురించో దేని గురించో నేను అడగను. నువ్వే ఆయన్ని పట్టుకుని ఆపుతున్నావు. నీ కోసం ఆపుతున్నావు."

"నువ్వు ఆయన పోవాలనుకుంటున్నావా?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది.

"అవును" అంది అక్క. "రోజూ అనుకుంటున్నాను. అనుకున్నాక వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటున్నాను. నువ్వు ఇంటికి పోతావు. నేను ఎక్కడికి పోను?"

మందుల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్ళిపోయింది. లోపల లేత్ ఎవరో ఆన్ చేశారు.

మార్చి 24

ఎవరితోనూ మాట్లాడలేదు.

మార్చి 26

సెలవు పెట్టి పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. మొత్తం విప్పి మొదటి నుంచీ చేశాను.

సగాలు రెండూ నూనెలో ముంచి తీశాను. పిన్ను వేశాను. కలిపి చూశాను, ఊగలేదు. సీళ్ళకి కాస్త గ్రీజు రాసి ఎక్కించాను. పొడవాటి స్క్రూ బిగించి, అది వదులైతే సగం వాల్వు పిస్టన్ మీద పడుతుంది గనక, దానికి బిగిసే మందు రెండు చుక్కలు వేశాను. పుల్లీ పెట్టాను. గాటు గీత దగ్గరికి వచ్చింది. అప్పుడు కేబుళ్ళు. ఒకటి లాగితే ఒకటి వదలాలి, రెండింటికీ సమానంగా పని ఉండాలి. పావు తిప్పు తిప్పడం, వేలు పెట్టి చూడడం, మళ్ళీ పావు తిప్పు. కుడివైపు మెట్టు పోయింది. ఎడమవైపు అంతకు ముందే పోయింది.

తాళం తిప్పాను. చిన్న మోటారు గుయ్ మని ఒకసారి వాల్వుల్ని పూర్తిగా తెరిచి మూసింది. పనిలో పనిగా మసి దులుపుకోవడానికి అలా చేస్తుంది. ఆ చప్పుడుకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎందుకో రాయను.

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెతికాను కూడా.

మార్చి 28

ఇవాళ స్టార్ట్ చేశాను.

మంచం కిటికీ దగ్గరికి జరిపాం. బండి పెరట్లో, కిటికీకి ఎదురుగా నిలబెట్టాను. అక్క ఆయనకి కొత్త చొక్కా తొడిగింది. చొక్కా లోపల ఆయన ఎక్కడో ఉన్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడో కిక్కుకి అందుకుంది. ముందు తెల్లటి పొగ కమ్మేసింది, గోడ కనబడలేదు. దగ్గింది, చిటపటలాడింది. మెల్లగా రెండు సిలిండర్లూ ఒక దారికి వచ్చాయి. వేడెక్కేదాకా ఆగి థ్రాటిల్ తిప్పాను. ఒకచోటికి వచ్చేసరికి వాల్వులు తెరుచుకున్నాయి. గొంతు మారింది. గిన్నెలు మోగాయి, పక్కింటి కిటికీ తెరిచి ఎవరో చూశారు. మళ్ళీ వదిలాను, మళ్ళీ తిప్పాను. రెండు వాల్వులూ ఒక్క మనిషి రెండు కళ్ళు తెరిచినట్టు తెరుచుకున్నాయి.

పొగలోంచి కిటికీ వైపు చూశాను. అక్క ఆయన చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొహంలో ముడతలన్నీ పోయాయి. తల పక్కకి వాలింది.

అయిపోయిందనుకున్నాను. ఇంజను ఆపేశాను. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. అక్క కూడా అదే అనుకుంది. ఆమె మొహం చూశాను. అందులో ఉన్నది ఏమిటో నాకు తెలుసు, ఆ మొహం గురించి నేను ఎవరికీ చెప్పను.

"ఎందుకాపావు?" అన్నాడు బావ.

కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"ఎలా ఉంది బావా?"

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఎడమది లేటుగా తెరుచుకుంటోంది."

"లేదు బావా, రెండూ..."

"నేను విన్నాను కదరా. ఎడమ వాల్వు. విప్పి చూడు."

అక్క ఆయన చెయ్యి మంచం మీద పెట్టి లోపలికి వెళ్ళింది. మా ఆవిడ వెనకే వెళ్ళింది. నేను చల్లారుతున్న బండి దగ్గర నిలబడ్డాను. లోహం టిక్ టిక్ మంటూ ముడుచుకుంటోంది.

మార్చి 29

విప్పాను. చూశాను. ఏ తేడా లేదు.

ఉండదు కూడా. పుల్లీ ఎడమ సగానికే ఉంది. కేబుళ్ళు సరిగ్గా బిగించాక ఒకటి వెనకబడితే అది కుడిదే కావాలి. ఎడమది వెనకబడడం కుదరని పని. ఈ సంగతి నాకు నేర్పింది ఆయనే.

చెప్పడానికి గదిలోకి వెళ్ళాను. అక్క మందుల షాపుకి వెళ్ళింది. బావ మెలకువగా ఉన్నాడు. తువ్వాలు దిండు కిందకి తోశాడు.

"చూశావా?"

"చూశాను."

"తేడా ఉందా?"

నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఇంకా ఎక్కడ దాచాడో. ఆయన కళ్ళు నా మొహం మీది నుంచి కదలలేదు. చిన్నప్పటి నుంచీ ఆ కళ్ళలో నాకు తెలియనిదంటూ లేదనుకున్నాను. ఇది నేనెప్పుడూ చూడలేదు. పందానికి ముందు లేదు, మోచెయ్యి విరిగి ఎముక బయటికి వచ్చిన రోజూ లేదు.

"ఉంది బావా" అన్నాను.

"చెప్పానా. ఎన్నాళ్ళు పడుతుంది?"

"పిన్ను మళ్ళీ తిప్పాలి. సీళ్ళు విప్పినవి వెయ్యకూడదు, కొత్తవి తెప్పించాలి. టైము పడుతుంది."

"కంపెనీవే తెప్పించు."

"కంపెనీవే."

"తొందరేం లేదు" అన్నాడు. మణికట్టు మాత్రం వదల్లేదు. అక్క గేటు తీసిన చప్పుడు అయ్యాక వదిలాడు.

మార్చి 30

అక్కతో రోజూ "ఎప్పుడైపోతుందే" అంటాడు. ఆమె మొహం చూసి అంటాడు. ఆమె పడుతున్న కష్టం చూసి అంటాడు. ఆ రోజు షెడ్డులో నీళ్ళ వంకతో ఆమెని బయటికి పంపి నాతో మాట్లాడాడు, ఆమె రాగానే "టైము పడుతుంది" అన్నాడు. నన్ను కాచాడనుకున్నాను. అది నా కోసం కాదు.

ఇది అక్కకి చెప్పకూడదు. పంపుల మధ్య నిలబడి ఆమె "అవును" అంది. ఆయనకి పోవాలని లేదని తెలిస్తే ఆ "అవును"తో ఆమె బతకలేదు.

ఏప్రిల్ 2

ముక్కలన్నీ పళ్ళెంలో పెట్టి మంచం దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఎడమ సగం ఆయన చేతిలో పెడితే గుండె మీద పెట్టుకుంటాడు.

"ఎందుకురా ఇది ఇంత బరువుంది?"

"ఇనుము కదా బావా."

"పిన్ను ఎంత లావు పెడుతున్నావు?"

"పాత కొలతే."

"కాదు. ఇంకా లావుగా తిప్పి, తర్వాత చేత్తో రుద్దు. మెల్లగా రుద్దు." ఎప్పుడూ పొడుగు దారే చెబుతాడు. నేను సరే అంటాను. పనివాళ్ళం ఇద్దరం కూర్చుని, చెడని దాన్ని ఎలా బాగుచెయ్యాలా అని మాట్లాడుకుంటాం. ఆయన కాసేపు మూలగడం మర్చిపోతాడు.

ఏప్రిల్ 5

అక్క షెడ్డు గుమ్మంలో నిలబడింది. బల్ల మీద విప్పిన సిలిండర్లు చూసింది.

"ఒకసారి వినిపించావు. చాల్లేదా?"

"ఎడమవైపు తేడా వచ్చిందక్కా."

"తేడా నీలో వచ్చింది" అంది. "ఆయన ఏదో మగతలో అన్నాడు. నీకది దొరికింది. పట్టుకుని వేలాడుతున్నావు."

కిరోసిన్ గిన్నెలో బ్రష్షు ముంచి కడిగినదాన్నే కడిగాను.

"నేను పిలిచేదాకా రావద్దు."

ఏప్రిల్ 6

వెళ్ళాను. గేటు దగ్గర ఆపింది. లోపలి నుంచి బావ గొంతు, ఎంత సన్నగా ఉందో, "వాణ్ణి రానీ. పని ఆగిపోతుంది" అంది. అక్క పక్కకి జరిగింది. నా మొహం చూడలేదు.

ఏప్రిల్ 9

పళ్ళెం తీసుకెళ్ళాను. కళ్ళు తెరవలేదు. వాల్వు చేతిలో పెడితే వేళ్ళు ముడుచుకోలేదు.

ఏప్రిల్ 11

మధ్యాహ్నం. నేను షెడ్డులో ఉన్నాను. ఎందుకున్నానో తెలియదు, ఆయన చూసే స్థితిలో లేడు, అయినా పిన్ను రుద్దుతూ కూర్చున్నాను. అక్క కిటికీలోంచి నా పేరు పిలిచింది. అరవలేదు. నట్టు అని కాదు, అసలు పేరుతో పిలిచింది.

నేను వెళ్ళేసరికి అయిపోయింది. తువ్వాలు ఆయన నోట్లో లేదు, చేతిలో ఉంది. అక్క మంచం అంచున కూర్చుని, దాన్ని ఆయన వేళ్ళలోంచి ఒక్కొక్క వేలే విప్పి తీసుకుంటోంది.

ఏప్రిల్ 12

సాగనంపి వచ్చాం.

ఏప్రిల్ 19

మా ఆవిడ రోజూ అక్క దగ్గరికి వెళ్తోంది. "వదిన మీ గురించి అడగడం లేదండీ" అంది. అడగమని నేను చెప్పలేదు. ఇవాళ మాత్రం, "అన్నయ్య ఆ చివరి రోజులు మీతో ఏం మాట్లాడేవారు?" అని అడిగింది. వాల్వుల గురించి అని చెప్పాను. ఆమె ఇంకేదో అడగబోయి, నా పళ్ళెంలో మరికాస్త వడ్డించింది.

ఏప్రిల్ 27

షెడ్డు ఖాళీ చేద్దామని వెళ్ళాను. విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. సామాను గుడ్డలో మూటగడుతుంటే అక్క వచ్చింది. సన్నబడింది. గుమ్మంలో ఆగకుండా లోపలికి వచ్చి, బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ముక్కల్ని ఒక్కొక్కటిగా చూసింది.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పు" అంది. "ఆ రోజు ఎడమది లేటుగా తెరుచుకుందన్నాడు. నిజంగా తేడా ఉందా?"

లేదంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమెకీ తెలుసేమో. ఇద్దరం ఆ బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం.

"ఉందక్కా."

"ఎంత?"

"వెంట్రుకవాసి."

"ఏదీ, ఎక్కడో చూపించు."

గుడ్డ విప్పాను. ఎడమ సగం తీసి వెలుతురుకి తిప్పాను. దాని అంచు అద్దంలా ఉంది. నెలల తరబడి కడిగీ కడిగీ అంత నున్నగా చేసింది నేనే. ఒక చోటు ఎంచుకుని, ఇక్కడ, అని చూపించాను.

అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చీర చెంగుతో నూనె తుడిచింది. నేను చూపించిన చోట బొటనవేలు ఆనించి, ఒకసారి ఇటు, ఒకసారి అటు, నెమ్మదిగా జరిపింది.

"అవును" అంది. "తెలుస్తోంది."